మేడమీది అత్త వెనక్కి తీసుకున్న జాతకాలు

పోయిన మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "మేడమీది అత్త పోయింది పాపా" అంది. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చదివి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుందట. పనిమనిషి వచ్చి, ఆమె కునుకు తీస్తోందనుకుని, చీపురు చప్పుడు కాకుండా గదంతా ఊడ్చిందట. ఆ మాట వినగానే ఏడుపు కంటే ముందు నాకు నవ్వొచ్చింది. ఊడ్చేటప్పుడు చప్పుడు చేస్తే అత్తకు ఒళ్ళు మండేది. ముప్పై ఏళ్ళుగా ఎందరికి చెప్పినా ఎవరూ వినలేదు. ఆఖరికి ఒకరు చెప్పకుండానే విన్నారు. ఆ తర్వాత ఏడ్చాను, మా ఆయన భుజం తడిసేంత ఏడ్చాను.

ఆమె మాకు చుట్టం కాదు. పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో మా ఇంటి మేడ మీద నేను పుట్టకముందు నుంచీ కాపురమున్న మనిషి. అందుకే మేడమీది అత్త. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఎవరైనా పాపం ఒంటరి మనిషి అని జాలి పడితే, "నాకు పొద్దు చాల్లేదు తల్లీ, నీకు మిగిలితే కాస్త ఇచ్చేసి పో" అనేది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఉద్యోగం వదిలినా ఆ మాటతీరు ఆమెను వదల్లేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, "లైన్లో ఉండు, వస్తాండా" అని పాలకే చెప్పేది.

మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం గానీ అక్షరాలు చాలామందికి రావు. ఈ నాలుగు ముక్కలు నేనిలా రాయగలుగుతున్నానంటే, ఎనిమిదో తరగతి సెలవుల్లో అత్త నన్ను పట్టుకుని కూర్చోబెట్టి తెలుగు పంచాంగం చదివించడం వల్లే. వాళ్ళ నాన్న దగ్గర ఆమె నేర్చుకున్న విద్య అది. రిటైరయ్యాక జాతకాలు రాయడం మొదలుపెట్టింది. పూలు తెస్తే తీసుకునేది, ఇంకేదీ ముట్టేది కాదు. పుదుచ్చేరిలో మన తెలుగు కుటుంబాల్లో బిడ్డ పుట్టినా, సంబంధం కుదిరేటట్టున్నా, మా మెట్లు ఎక్కకుండా పని జరిగేది కాదు. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక ఒక కంప్యూటరు, విండోస్‌లో నడిచే ఒక జాతకం ప్రోగ్రాం కొనుక్కుంది. తేదీ, వేళ, ఊరు కొడితే చాలు, చక్రం గీసి ప్రింటు ఇచ్చేస్తుంది. "మా నాయనకు రెండు పూటలు పట్టేది, దీనికి రెండు నిమిషాలు" అని మురిసిపోయేది.

ఇక్కడ నేను ప్రవేశించాను. ప్రవేశించి చేసిన ఘనకార్యం చెబుతాను.

నేనప్పుడు వైట్ టౌన్‌లో ఒక ట్రస్టు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. రెండు వేల నాలుగో, అయిదో. మా ఆఫీసులో మిషన్లన్నీ విండోస్ నుంచి లినక్స్‌కు మార్చాం. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళకుండే ఆవేశం నాకు ఉండేది. సైకిల్ బుట్టలో నాలుగు సీడీలు పెట్టుకుని, ఎవరి కంప్యూటరు మొరాయిస్తుందా అని చూస్తూ తిరిగేదాన్ని. అత్త దగ్గరికి జాతకాలకొచ్చే వాళ్ళు పెళ్ళికొడుకుల ఫోటోలు ఫ్లాపీల్లో, పెన్‌డ్రైవుల్లో తెచ్చేవాళ్ళు. వాటితో పాటు వైరస్‌లు కూడా తెచ్చేవాళ్ళు. ఆ వేసవిలో ఆమె మిషను రెండుసార్లు పడుకుంది. రెండోసారి నేను నడుం బిగించి, "అత్తా, దీన్ని తీసి పారేసి లినక్స్ వేస్తా" అన్నాను.

"మరి నా జాతకం ప్రోగ్రామో? అది విండోస్‌దిమే."

"వైన్ అని ఒకటుంది. దానితో నడిపిస్తా."

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను చూసింది. "వీధికి రెండు బ్రాందీ అంగళ్ళు చాలవని నా ఇంట్లో గూడా వైనా?"

అది తాగేది కాదని చెప్పి, బోధపరిచే ప్రయత్నం చేశాను. ప్రోగ్రాం తాను విండోస్‌లోనే ఉన్నానని అనుకుంటుంది, ఏదైనా కావాలంటే విండోస్‌ను అడుగుతుంది, ఆ ప్రశ్నను మధ్యలో ఈ వైన్ అందుకుని, లినక్స్ దగ్గర పని చేయించి, విండోస్ చెప్పినట్టే జవాబు చెబుతుంది అన్నాను. మా ఆఫీసులో పెద్ద చదువులు చదివిన వాళ్ళకు ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టేది. అత్తకు అరనిమిషం పట్టలేదు.

"ఆమా, అవునుమే, మేమూ అదే చేస్తాంటిమి. పారిస్ నుంచి కాల్ వస్తే రెండు ముక్కలు ఫ్రెంచిలో మాట్లాడి, ఈ పక్క తమిళంలో కనుక్కొని, మళ్ళీ ఫ్రెంచిలో చెప్పేది. ఎక్స్చేంజంతా ఫ్రెంచే అని వాళ్ళు అనుకునేవాళ్ళు" అంది.

మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం ప్రోగ్రాం తెరుచుకుంది గానీ అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు వచ్చాయి. అత్త ఆ పెట్టెల్ని చూసి, "ఎవరి జాతకమో గానీ బలే మర్మంగా ఉండాది" అంది. రెండో ఆదివారం అక్షరాలు వచ్చాయి, ప్రింటరు రాలేదు. మూడో ఆదివారం ప్రింటరు కూడా దారికొచ్చి, చక్రం నిండుగా, నిలువుగా, ఎక్కడా తెగకుండా కాగితం మీదికి దిగింది. అత్త లేచి చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం కేసరి చేసి పెట్టి, మా వీధిలో కనిపించిన ప్రతి మనిషికీ "మన పాప విండోస్ లేకుండా విండోస్ నడిపించింది" అని చెప్పింది. దాని అర్థం ఎవరికీ తెలియకపోయినా అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను అంత గర్వంగా మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు నాకు పెళ్ళిచూపులు జరిగాయి. ముదలియార్‌పేట వాళ్ళు. అబ్బాయి మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేటులో అట్టపెట్టెలు చేసే ఒక యూనిట్‌లో సూపర్‌వైజరు. ఇద్దరినీ కాసేపు మాట్లాడుకోమని వరండాలో వదిలారు. అతను చాలాసేపు గోడ చూసి, గొంతు సవరించుకుని, "లినక్స్‌లో లేబుల్ ప్రింటరు పని చేస్తుందాండీ?" అని అడిగాడు. చేస్తుంది అన్నాను. ఎలా అన్నాడు. చెప్పాను. లోపలి నుంచి పిలిచే దాకా అదే మాట్లాడుకున్నాం. లోపలికి వెళ్ళేసరికి నా మనసు నిశ్చయమైపోయింది. పెళ్ళిచూపుల్లో ప్రింటరు గురించి అడిగిన మనిషి మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?

వాళ్ళ నాన్న జాతకాలు నమ్మని మనిషి, అందుకని కొడుక్కు అసలు రాయించనే లేదు. వాళ్ళమ్మ మాత్రం పుట్టిన వేళ మనసులో భద్రంగా దాచుకుంది. చూపులయ్యాక ఆమె నేరుగా మా అత్త దగ్గరికే వచ్చి జాతకం రాయించి, నాదానితో చూడమంది. అత్త తేదీ, వేళ కొట్టింది. ప్రింటు వచ్చింది. అబ్బాయిది శ్రవణా నక్షత్రం, నాది హస్త. రెండూ రజ్జు అనే ఒకే గుంపులో పడ్డాయి, అందులోనూ కంఠ రజ్జు. అంటే పెళ్ళయితే ఆడపిల్ల ప్రాణానికి గండమని అర్థం. మావాళ్ళల్లో దానికి తిరుగు లేదు. వాళ్ళమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మా అమ్మకు నమస్కారం చెప్పి వెళ్ళిపోయింది. అత్త ఆ రోజు అన్నం తినలేదు. నేను పరవాలేదులే అని అందరికీ చెప్పి, మరుసటి రోజు ఆఫీసుకు పోతూ దారిలో సైకిలు ఆపి కళ్ళు తుడుచుకున్నాను.

నెల తిరిగింది. ఒక ఆదివారం పొద్దున పక్క వీధి పెద్దావిడ మనవడికి జాతకం రాయించుకోవడానికి వచ్చింది. బీచి దగ్గరి ఆసుపత్రిలో పుట్టాడట. "సముద్రంలోంచి సూర్యుడు పైకొస్తాండాడు, వీడు బయటికొస్తాండాడు" అని చేతులూపి చెప్పింది. అత్త ప్రింటు తీసి ఇవ్వబోయి, ఆగింది. కళ్ళ ఆపరేషన్ తర్వాత అత్త నక్షత్రం ఉన్న వరుస తప్ప చక్రమంతా చూడటం మానేసింది. ఆ రోజు చూసింది. పొద్దుపొడుపున పుట్టిన బిడ్డకు సూర్యుడు లగ్నంలోనే ఉంటాడు, అది పంచాంగం తెలిసిన ఎవరికైనా తెలుసు. ఈ కాగితంలో పదో ఇంట్లో ఉన్నాడు. అంటే నడినెత్తిన, మిట్టమధ్యాహ్నం.

ఆవిడను సాయంత్రం రమ్మని పంపేసి, మెట్ల పైనుంచి నన్ను పిలిచింది. నేను వెళ్ళేసరికి కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఈ మిషను యాడుండాదిమే? ఏ ఊళ్ళో ఉండానని అనుకుంటాంది?"

కూర్చుని చూశాను. లినక్స్ వేసేటప్పుడు ఏ దేశం, ఏ ఊరు అని అడుగుతుంది. నేను ఆత్రంలో చూడకుండా నొక్కుకుంటూ పోయాను. అది తనను ఇంగ్లండులో ఉన్న మిషనుగా రాసుకుంది. తర్వాత గడియారం తేడాగా కనిపిస్తే, ముల్లు సరిచేశాను గానీ ఊరు సరిచేయలేదు. జాతకం ప్రోగ్రాం, మేం కొట్టిన ఊరి నుంచి అక్షాంశాలు మాత్రమే తీసుకుని, పాపం ఎప్పటిలాగే "మనం ఏ దేశపు వేళలో ఉన్నాం" అని విండోస్‌ను అడిగింది. వైన్ నిజాయితీగా లినక్స్‌ను కనుక్కుని ఇంగ్లండు అని చెప్పింది. దాంతో పుదుచ్చేరిలో పుట్టిన ప్రతి బిడ్డా అయిదున్నర గంటలు ఆలస్యంగా పుట్టినట్టు లెక్క తేలింది. మూడు నెలలుగా ఎవరూ పట్టుకోలేదు. ఒకరిద్దరు, "మా పిల్లది వేరే నక్షత్రమని మా తాత చెప్పేవాడే" అని అడిగితే, అత్త, మీ తాతది వాక్య పంచాంగం, మిషనుది దృగ్గణితం, రెండూ కలవవు అని సర్దిచెప్పి పంపింది. మనవాళ్ళకు ఆ రెండు పంచాంగాల తగాదా ఎప్పుడూ ఉండేదే కాబట్టి వాళ్ళూ తల ఊపి వెళ్ళిపోయారు.

ఊరు సరిచేసి, ముదలియార్‌పేట అబ్బాయి తేదీ కొట్టాను. శ్రవణం కాదు, దాని ముందుదైన ఉత్తరాషాఢ. రజ్జు లేదు, గండం లేదు. నా సంబంధాన్ని నేనే, నా సొంత చేతులతో, ఎంతో గర్వంగా చెడగొట్టుకున్నాను.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. తను రాసిన జాతకాల పేర్లుండే నోటుబుక్కు తీసి, ఆ మూడు నెలలవి లెక్కపెట్టింది. నలభై రెండు. సాయంత్రం లోపల అన్నీ మళ్ళీ ప్రింటు తీయించి, ఒక్కోదాన్నీ పంచాంగంతో చేత్తో సరిచూసుకుంది. ఆ తర్వాత కాగితం మీద ఇళ్ళ వరుస రాసుకుంది. ఆ వరుసలో ముదలియార్‌పేట ఇల్లు అన్నిటికంటే అడుగున ఉంది.

"అత్తా, శుక్రవారం వాళ్ళు ఇంకో పిల్లను చూడబోతున్నారు. నచ్చితే అక్కడే తాంబూలాలు మార్చుకుంటారట. రేపు ముందు వాళ్ళింటికే పో" అన్నాను.

"పోను. నీదే ముందు మారిస్తే, కిందింటి పిల్ల కోసం జాతకం తిప్పింది అంటారు. అప్పుడు మిగతా నలభై ఒక్కరూ నన్ను నమ్మరు. ఆళ్ళ బిడ్డలకు తప్పు కాయితమే ఉండిపోతుంది."

"తప్పు చేసింది నేను. నేనే వచ్చి చెబుతా."

"కింద సంతకం నాది గదా" అంది. తర్వాత, ఎక్స్చేంజిలో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పే గొంతుతో, "తప్పు కనెక్షన్ ఇస్తే, ఆళ్ళు కనిపెట్టే దాకా ఆగగూడదు. నువ్వే ముందు లైన్లోకి పోయి చెప్పాల" అంది.

నాకు కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నిజంగానే మండిపోయాను. నా బతుకు కంటే నీ పేరు ఎక్కువైందా అనేసి, మెట్లు దడదడా దిగి వచ్చేశాను. ఆ నాలుగు రోజులూ ఆమెతో మాట్లాడలేదు.

ఆమె మాత్రం తిరిగింది. సోమవారం నుంచి, భుజాన సంచి, చేతిలో గొడుగు, టౌను బస్సుల్లో. పొద్దున పోయి మధ్యాహ్నం తినడానికి వచ్చి, మళ్ళీ పోయేది. సాయంత్రం మా అమ్మ దగ్గర కూర్చుని కాళ్ళకు వేడినీళ్ళు పోసుకుంటూ ఏమేం జరిగిందో చెప్పేది. నేను పక్కగదిలో ఉండి విననట్టు వినేదాన్ని. ఒక ఇంట్లో, "మిషను కొన్నప్పుడే అనుకున్నా" అని దులిపేశారట. ఇంకో ఇంట్లో తప్పు చేశానని చెప్పడానికి పోతే కూర్చోబెట్టి బలవంతంగా అన్నం పెట్టారట. ఒక ముసలాయన పాత కాగితం ఇవ్వనన్నాడట. "దీంట్లో మావాడికి రాజయోగం ఉండాది. నువ్వు తెచ్చినదాంట్లో లేదు. మాకిదే శరిపోయింది, నువ్వు పో" అన్నాడట. అరగంట వాదించి, చివరికి ఆ కుర్రాడి కొత్త జాతకంలో శుక్రుడు ఎంత బాగున్నాడో వర్ణించి చెబితే గానీ ఆయన రాజయోగం వదులుకోలేదట. అమ్మ పడీ పడీ నవ్వింది. నేను పక్కగదిలో నోరు మూసుకుని నవ్వాను, ఆ తర్వాత నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

గురువారం సాయంత్రానికి ముప్పై తొమ్మిది ఇళ్ళయ్యాయి. అత్త ఇంకా కాళ్ళు కడుక్కోలేదు, ముదలియార్‌పేట ఆవిడ మా గేటు తోసుకుని వచ్చింది. మా అమ్మ పలకరింపు కూడా సరిగ్గా వినకుండా నేరుగా మెట్లెక్కింది. నేను వెళ్ళి మధ్య మెట్టు మీద కూర్చున్నాను. పైన తలుపు తెరిచే ఉంది.

"ఏందక్కా ఇది? మా వదినె ఇంటికి పోయినారంట, మా చిన్నాయన ఇంటికి పోయినారంట, మా వీధి చివర ఇంటికి గూడా పోయినారంట. మా ఇల్లేం పాపం చేసింది?"

"మీ ఇల్లు కడాకు పెట్టుకున్నా" అంది అత్త. ఎందుకో దాచకుండా చెప్పింది. ఆవిడ సంచిలోంచి తీసిన పాత కాగితం పక్కనే కొత్తది పెట్టింది. "నా మాట నమ్మొద్దు. మీకు నమ్మకమైనోళ్ళ దగ్గర చూపించుకోండి. ఇంకో పిల్ల నచ్చి ఉంటే, ఆ పిల్లనే చేసుకోండి. ఆ పాత కాయితం మాత్రం నాకు ఇచ్చేయండి, అది తప్పు."

కాగితాలు అటూ ఇటూ తిప్పిన చప్పుడయింది.

"చెప్పకుంటే ఎవరికి తెలుస్తుందక్కా?" అంది ఆవిడ, గొంతు దించి.

"నాకు తెలిసిపోయింది గదా."

"నలభై గడపలెక్కి తప్పు చేసినా అని చెప్పిన మనిషిని నమ్మక, ఇంక ఎవర్ని పోయి అడిగేది? మా వాడు నెలగా అన్నం కాడ గూడా మాట్లాడ్డం లేదు. వాళ్ళ నాయన నవ్వతానే ఉండాడు, నీ కాయితమే వాడి నోరు కట్టేసింది అని." కుర్చీ జరిపిన చప్పుడయింది. "రేపు ఆ పిల్లను చూడ్డానికి పోవడం లేదని ఇప్పుడే కబురు చేస్తా."

ఆవిడ దిగి వస్తూ, మెట్టు మీద నన్ను చూసి ఆగింది.

"ఆ మిషను బాగు చేసింది నువ్వేనా?"

"చెడగొట్టింది కూడా నేనే అత్తా" అన్నాను. అత్తా అనే మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది. "శరి, లే. చెడగొట్టేది పుట్టినింట్లో అయిపోయింది గదా, మా ఇంట్లో బాగు చేసేది చూడు" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మనిషే ఇప్పుడు మా అత్తగారు. మంగళవారం నా కంటే ముందు ఆమే మేడ ఎక్కింది, నా కంటే ఎక్కువగా ఆమే ఏడ్చింది.

ఆ గురువారం రాత్రే మేడమీది అత్త కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె నన్ను చూడగానే, "మాట్లాడకమే, ముందు ఆ చెంబు ఇట్ల ఇయ్యి" అంది. అంతటితో సరిపోయింది. తప్పు మిషనుదీ, నాదీ అని ఆమె నలభై ఇళ్ళలో ఏ ఒక్క ఇంట్లోనూ చెప్పలేదని నాకు తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెబితే తెలిసింది.

అత్త పోయినప్పటి నుంచీ నా కళ్ళ ముందు నిలుస్తున్నది ఆ శుక్రవారం పొద్దు. మా ఇల్లంతా హడావుడి. సాయంత్రం ముదలియార్‌పేట వాళ్ళు తాంబూలాలకు వస్తామని కబురు పెట్టారు. అమ్మ లడ్డూలకు బూందీ దూస్తోంది, నాన్న కుర్చీల కోసం పరుగులు పెడుతున్నాడు. అత్తను కిందికి పిలుచుకురమ్మంటే పైకి పోయాను. ఆమె జుట్టు ముడి వేసుకుని, సంచి భుజాన తగిలించుకుంటోంది. "ఈ రోజు కూడానా అత్తా, మాది అయిపోయింది గదా" అన్నాను.

"ఇంకా రెండిళ్ళు ఉండాయి" అంది.

బాల్కనీలో నిలబడి చూశాను. వీధి మలుపులో బస్సు అప్పుడే కదిలింది. అత్త వాచిన కాళ్ళతో, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, దాని వెనక పరుగెడుతోంది. బస్సు ఆగింది. ఆమె ఎక్కింది.